అభిమాన ఫాంటసీ నవలలను తెరకెక్కించేటప్పుడు ఏది మార్చవచ్చు, ఏది మార్చకూడదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మూడు భాగాల తెలుగు ఫాంటసీ నవల ఒకటి తెరకెక్కించడానికి రచయిత్రి మీకు అంగీకారం తెలిపారు. ఆ పుస్తకాలను ప్రాణంగా చూసుకునే పాఠకులున్నారు. అందువల్ల కథను ఎంతవరకు మార్చవచ్చో, ఏ పాత్రలను తీసేయవచ్చో, సినిమాగా తీయాలో సిరీస్‌గా తీయాలో, రచయిత్రిని ఈ పనిలో ఎంతవరకు కలుపుకోవాలో మీకు తేలడం లేదు. నవలలను స్క్రీన్‌ప్లేగా మలిచే పనిలో చాలాకాలంగా ఉన్నవాణ్ని కనుక, నా అనుభవంలో నిలబడిన మాటలు చెబుతాను. ఉదాహరణలుగా ప్రపంచమంతా చూసిన కథలనే తీసుకుంటున్నాను. వాటి ముగింపులు బయటపెట్టక తప్పదు, ఇంకా చదవనివారు గమనించగలరు.

ముందుగా సూటి సమాధానం: సంఘటనలను, వాటి వరుసను, పాత్రల సంఖ్యను ధైర్యంగా మార్చండి. ఆ లోకంలో మాయ పనిచేసే నియమాన్ని, ఆ మాయకు పాత్రలు చెల్లించే మూల్యాన్ని మాత్రం ముట్టుకోకండి. కథ చివర నాయకుడో నాయికో తీసుకునే నిర్ణయం ఆ నియమం మీదే నిలబడుతుంది. అందుకే మూడో భాగం చివరి అధ్యాయం నుంచి వెనక్కి వస్తూ పని మొదలుపెట్టాలి.

మార్పును పాఠకులు ద్రోహంగా భావిస్తారని మీరు భయపడుతున్నారు. ఆ భయం సహజమే. కానీ మార్చడం వల్లనే మూలానికి న్యాయం జరిగిన సందర్భాలు ఉన్నాయి. టోల్కీన్ 1954, 55 సంవత్సరాల్లో ప్రచురించిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రెండో అధ్యాయంలో, నాయకుడు ఫ్రోడో ఇంట్లో పొయ్యి పక్కన కూర్చుని మాంత్రికుడు గాండాల్ఫ్, నాశనం చేయాల్సిన మాయా ఉంగరం చరిత్రంతా చెబుతాడు. ఆ ఉంగరాన్ని అంతకుముందు దాచుకున్న గొల్లమ్ అనే జీవిని, అది చేజిక్కిన నాడే తన బంధువు బిల్బో చంపి ఉండాల్సిందని ఫ్రోడో అనడం, ఆ నాటి జాలి ఎందరి తలరాతనో మార్చవచ్చని గాండాల్ఫ్ బదులివ్వడం, మనకు దక్కిన కాలంతో ఏం చేయాలన్నదే మన చేతిలో ఉందని చెప్పడం, ఇవన్నీ ఆ గదిలోనే జరుగుతాయి. పాఠకుడు ఆ సంభాషణను నెమ్మదిగా చదువుకుంటాడు, కావాలంటే వెనక్కి తిప్పి చూసుకుంటాడు. ఇంకా ప్రయాణమే మొదలుకాని దశలో, ఇంకా కళ్ల ముందుకు రాని జీవి గురించిన చర్చగా అదే తెర మీదికి వస్తే ప్రేక్షకుడి మనసులో నిలవదు.

2001 నాటి సినిమాలో దర్శకుడు పీటర్ జాక్సన్, ఆయన సహరచయితలు ఫ్రాన్ వాల్ష్, ఫిలిప్పా బోయెన్స్ ఆ మాటలను అక్కడి నుంచి తీసి మోరియా గనుల్లో పెట్టారు. దారి మరిచిపోయిన గాండాల్ఫ్ చీకట్లో కూర్చుని ఉంటాడు. కింద ఏదో పాకుతున్నట్టు ఫ్రోడో కంటపడుతుంది. అది గొల్లమే, మూడు రోజులుగా వెంట వస్తున్నాడని గాండాల్ఫ్ చెబుతాడు. చంపి ఉండాల్సిందన్న మాట ఇప్పుడు ఫ్రోడో నోటి నుంచి భయంతో వస్తుంది, ఎందుకంటే చావాల్సినవాడు కళ్ల ముందే ఉన్నాడు. కాలం గురించి గాండాల్ఫ్ చెప్పిన మాట సినిమా చివర నది ఒడ్డున ఒంటరిగా వెళ్లిపోవడానికి సిద్ధపడుతున్న ఫ్రోడోకు మళ్లీ వినిపిస్తుంది. గొల్లమ్ మీద చూపిన ఆ జాలి వల్లనే మూడో సినిమా చివర ఉంగరం నాశనమవుతుంది. చోటు మారింది, సమయం మారింది, మాటల వరుస మారింది. జాలికి, ముగింపుకు మధ్య ఉన్న ముడి మాత్రం బిగిసింది. నా దృష్టిలో ఇంతకు మించిన విశ్వాసం లేదు.

నియమం దెబ్బతింటే ఏమవుతుందో చూడటానికి అర్సులా లెగ్విన్ 'ఎర్త్‌సీ' కథలు చాలు. ఆ లోకంలో ఎవరి నిజనామం తెలిస్తే వారి మీద అధికారం దక్కుతుంది. అందుకే అసలు పేరు పూర్తిగా నమ్మినవారికే చెబుతారు. నాయకుణ్ని ఊరంతా పిలిచే పేరు స్పారోహాక్, అతడి రహస్యనామం గెడ్. 2004లో వచ్చిన టెలివిజన్ మినీ సిరీస్‌లో ఈ రెండు పేర్లనూ తారుమారు చేశారు, అంటే పుస్తకంలో దాచుకున్న పేరుతోనే అందరూ అతణ్ని పిలుస్తుంటారు. బయటివారికి ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ తన పేరును ఒక స్నేహితుడి చేతిలో పెట్టడమే ఆ పుస్తకంలో అతి పెద్ద బహుమానం. పుస్తకంలో ఎర్రని గోధుమవర్ణంలో ఉండే నాయకుడి పాత్రకు తెల్లజాతి నటుణ్ని తీసుకోవడం మీద కూడా లెగ్విన్ అదే ఏడాది బహిరంగంగా తన అభ్యంతరం రాశారు. ఆ అభ్యంతరం పూర్తిగా సమంజసమని నేను నమ్ముతాను. ఆమె ఆ ద్వీపాల ప్రజల వర్ణాన్ని ఆలోచించి రాశారు, అది నటీనటుల ఎంపికలో సర్దుకుపోయే అంశం కాదు.

'పర్సీ జాక్సన్' విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. మొదటి పుస్తకంలో నాయకుడు పర్సీ 12 ఏళ్ల పిల్లవాడు. పదహారో ఏట ఏం జరుగుతుందన్న జోస్యం అయిదు పుస్తకాల పొడవునా కథను నడిపిస్తుంది. 2010 నాటి సినిమా అతణ్ని మొదటే పదహారు దాటబోయే కుర్రవాడిగా చూపింది, కాబట్టి ఆ జోస్యం ఇవ్వాల్సిన ఉత్కంఠకు చోటే లేకపోయింది. 2023లో మొదలైన సిరీస్‌లో రచయిత రిక్ రియోర్డన్ స్వయంగా పాల్గొన్నారు, పిల్లవాడు మళ్లీ పన్నెండేళ్లవాడయ్యాడు.

ముగింపును దాచిపెట్టుకోకండి. మీ విషయంలో నేను ఎక్కువగా భయపడేది దీని గురించే. ఫిలిప్ పుల్మన్ 'హిజ్ డార్క్ మెటీరియల్స్' మొదటి భాగం చివర, లైరా తన స్నేహితుడు రోజర్‌ను కాపాడి తీసుకెళ్లి, తెలియకుండానే తండ్రి చేతికి అప్పగిస్తుంది. ఆ లోకంలో ప్రతి మనిషి ఆత్మా ఒక జంతురూపంలో పక్కనే ఉంటుంది. ఆ బంధాన్ని తెంచితే అపారమైన శక్తి వెలువడుతుంది. ఆ శక్తితో తండ్రి మరో లోకానికి దారి తెరుస్తాడు, రోజర్ ప్రాణం పోతుంది. పుస్తకమంతా అటే నడుస్తుంది. 2007లో 'ద గోల్డెన్ కంపాస్' పేరుతో సినిమా తీసినప్పుడు చివరి మూడు అధ్యాయాలను చిత్రీకరించి కూడా, తరువాతి భాగానికి ఉంటాయని తీసేశారు. ఆ తరువాతి భాగం రానేలేదు. సినిమాకు ఉత్తమ విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ దక్కింది. జంతువులు అద్భుతంగా ఉన్నాయి, కానీ వాటిని మనిషి నుంచి విడదీస్తే కలిగే నష్టం ఎంతటిదో చివరిదాకా తెలియజెప్పే సన్నివేశం ప్రేక్షకుడికి అందలేదు. 2019లో వచ్చిన సిరీస్ మొదటి సీజన్‌ను సరిగ్గా రోజర్ మరణం దగ్గరే ముగించింది. చివర్లో విషాదం ఉంటే జనం మళ్లీ రారని మీకు కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఆ విషాదమే తరువాతి భాగానికి కారణమైనప్పుడు దాన్ని తీసేస్తే, జనం మళ్లీ రావడానికి ఏం మిగులుతుందో ఆ మాట చెప్పినవారినే అడగండి.

ఇక మీరు అడిగిన తొలగింపుల సంగతి. ఏ పాత్రను తీసినా దాని వెనుక ఒక దారం వేలాడుతూ మిగులుతుంది, ఆ దారం ఎంతదూరం పోతుందో చూసుకున్నాకే కత్తెర వేయాలి. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో ప్రయాణం మొదట్లో ఎదురయ్యే టామ్ బాంబడిల్ అనే విచిత్రమైన మనిషిని జాక్సన్ బృందం పూర్తిగా తీసేసింది. నా అభిప్రాయంలో అది సరైన నిర్ణయం. ఉంగరం ఎంత ప్రమాదకరమో ప్రేక్షకుడికి అప్పుడప్పుడే తెలుస్తుండగా, దాన్ని వేలికి తొడుక్కుని కూడా మాయం కాకుండా నవ్వే మనిషి కనిపిస్తే, సినిమాలో ఆ భయం నీరుగారిపోతుంది. పుస్తకంలో మాత్రం ఆ అధ్యాయం లోకానికి లోతునిస్తుంది. అయితే బాంబడిల్‌తో పాటు ఆ పక్కనే ఉన్న సమాధుల దిబ్బల అధ్యాయం కూడా పోయింది. ఫ్రోడో స్నేహితుడు మెర్రీకి కత్తి దొరికేది అక్కడే. శత్రుపక్షపు సేనాని అయిన మంత్రగాళ్ల రాజుకు (విచ్ కింగ్) ఎదురునిలిచిన పాతకాలపు మనుషులు అతడి రాజ్యంతో పోరాడేందుకే మంత్రించి చేసిన కత్తి అది. యుద్ధంలో మెర్రీ పొడిచిన పోటు ఆ రాజు మీద ఎందుకు పనిచేసిందో పుస్తకం దానితోనే వివరిస్తుంది. సినిమాలో చిన్న కత్తులను వారికి దారి చూపే ఆరగార్న్ ప్రయాణంలో పంచిపెడతాడు, కాబట్టి ఆ పోటుకు ఉన్న కారణం పోయింది. సన్నివేశం ఉద్వేగంతో నెగ్గుకొచ్చింది, అయినా నవల చదివినవారికి అక్కడ ఒక మెట్టు తప్పినట్టే ఉంటుంది.

ఇటువంటి దారాన్ని సమయానికి పట్టుకున్న సందర్భమూ ఉంది. 'హ్యారీ పోటర్' అయిదో సినిమా స్క్రిప్టు ఒక ప్రతిలో క్రీచర్ అనే ఇంటి సేవకుడి పాత్రను తీసేశారు. అప్పటికి ఏడో పుస్తకం ఇంకా పాఠకుల చేతికి రాలేదు. స్క్రిప్టు చదివిన ఆ పుస్తకాల రచయిత్రి రౌలింగ్, ఏడో సినిమా తీసే ఉద్దేశం ఉంటే ఆ పాత్రను ఉంచుకోవడం మంచిదని హెచ్చరించారు. 2007లో ఏడో పుస్తకం వచ్చాక కారణం తెలిసింది. కథకు కీలకమైన లాకెట్ రహస్యం చెప్పేది ఆ సేవకుడే.

అంటే రచయిత్రిని కలుపుకోవాలన్న మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. ఆవిడను సెట్లో ప్రతి షాటూ చూడమని కూర్చోబెట్టడం ఎవరికీ మేలు చేయదు. కానీ వన్ లైన్ ఆర్డర్, అంటే ప్రతి సన్నివేశాన్నీ ఒక్కో వాక్యంలో వరుసగా రాసిన పట్టిక, తయారైన రోజున, మీరు తీసేసిన పాత్రల జాబితా తీసుకుని ఆవిడ ముందు కూర్చోండి. ఒక్కొక్కరి గురించి ఈ పాత్ర లేకపోతే చివర్లో ఏం కూలుతుందని మాత్రమే అడగండి. బాగుందా, బాగాలేదా అని అడిగితే మర్యాదకు బాగుందంటారు.

శ్రేణి పూర్తికాకుండానే తెరకెక్కిస్తే వచ్చే చిక్కు 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చూపింది. సిరీస్ 2011లో మొదలైంది, అయిదో పుస్తకం కూడా అదే ఏడాది వచ్చింది, ఆరోది ఈనాటికీ రాలేదు. ఆ పుస్తకాల రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ స్థూలంగా ముగింపు చెప్పినా, ఆ ముగింపుకు చేరే దారి పుస్తకంలో లేనందువల్ల చివరి సీజన్లలో పాత్రలు తమ నిర్ణయాలకు తగినంత కారణం లేకుండానే గమ్యానికి చేరుకున్నట్టు నాకు అనిపించింది. మీ త్రయం పూర్తయింది కనుక ఈ చిక్కు మీకు లేదు, దాన్ని గొప్ప అదృష్టంగా భావించండి.

అదే సిరీస్ మొదటి సీజన్ మీరు శ్రద్ధగా చూడాల్సినది. ఆ పుస్తకాల్లో ప్రతి అధ్యాయమూ ఒక పాత్ర కళ్ల నుంచే సాగుతుంది. మొదటి పుస్తకంలో రాజు రాబర్ట్‌కు గానీ రాణి సెర్సీకి గానీ అధ్యాయం లేదు, కాబట్టి వారిద్దరూ ఏకాంతంగా మాట్లాడుకోవడం పాఠకుడు ఎన్నడూ వినలేదు. కొన్ని ఎపిసోడ్ల నిడివి తక్కువ పడటంతో కొత్త సన్నివేశాలు రాయాల్సి వచ్చింది. అలా పుట్టినదే, విఫలమైన తమ కాపురం గురించి ఆ ఇద్దరూ మద్యం పుచ్చుకుంటూ మాట్లాడుకునే సన్నివేశం. పుస్తకంలో ఒక్క ముక్క కూడా లేని ఆ సన్నివేశం పుస్తకానికి ఏమాత్రం పరాయిది కాదు, ఎందుకంటే రాజ్యం ఎందుకు కుళ్లిపోయిందన్న పుస్తకం ప్రశ్నకే అది జవాబిస్తుంది.

లోపలి మాటను బయటికి తేవడం అన్నిటికన్నా కష్టమైన పని. నా అనుభవంలో ఒకటి చెబుతాను. మేము పనిచేసిన ఒక తెలుగు ఫాంటసీ నవలలో నాయకుడు ఎండిన బావుల్లో నీరు రప్పించగలడు, అలా రప్పించిన ప్రతిసారీ తనకు కావలసినవారి పేరు ఒకటి శాశ్వతంగా మరిచిపోతాడు. నవలలో అది ఒక్క వాక్యంతో తేలిపోతుంది. తెర మీద మరుపును ఎలా చూపడం? వాయిస్ ఓవర్ పెడదామన్నారు, మెరుపులతో పాత దృశ్యాలు చెరిగిపోతున్నట్టు గ్రాఫిక్స్ చేద్దామన్నారు. చివరికి అక్క పెళ్లి శుభలేఖల దగ్గర పెట్టాం. ఇంటిల్లిపాదీ అరుగు మీద కూర్చుని ఉంటారు. తల్లి శుభలేఖ అంచులకు పసుపు రాసి అందిస్తుంటే, అతను కవర్ల మీద వరసగా పేర్లు రాస్తుంటాడు. మేనమామ కవరు దగ్గర "శ్రీ" అని రాసి పెన్ను ఆగిపోతుంది. తల్లి ఇంకో శుభలేఖ అందించబోయి, కొడుకు చేతి వైపు చూసి, ఏమీ అనకుండా ఆ కవరు తన చేతిలోకి తీసుకుని తనే రాస్తుంది. అంతే, ఒక్క మాట లేదు. నాయకుడు బలహీనంగా కనిపిస్తున్నాడని, మరుపు సంగతి తీసేసి శక్తిని మాత్రం ఉంచమని నిర్మాణ సంస్థ నుంచి గట్టిగా ఒత్తిడి వచ్చింది. మూల్యం లేని శక్తి అయితే అతను మొదటి ఎపిసోడ్‌లోనే ఊరంతటికీ నీళ్లిచ్చేస్తాడు, ఇక కథేముందని మేము అడిగాం. ఆ సన్నివేశం నిలిచింది.

మన దగ్గర ఇది కొత్త విద్యేమీ కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు' పన్నెండు భాగాల విస్తారమైన శ్రేణి. మణిసిద్ధుడు మజిలీ మజిలీకీ గోపాలుడికి చెప్పే కథల్లో కథలుగా అది సాగుతుంది. 1951 నాటి 'పాతాళ భైరవి' అందులోని ఒక కథ ఆధారంగానే రూపొందింది. కె.వి.రెడ్డి, పింగళి నాగేంద్రరావు ఆ మజిలీల చట్రాన్ని పూర్తిగా వదిలేశారు. సాహసవంతుణ్ని బలిస్తే అమ్మవారు కోరిక తీర్చే ప్రతిమను ఇస్తుందన్న నియమాన్ని మాత్రం తొలి ఘట్టాల్లోనే ప్రేక్షకుడికి స్పష్టంగా చెప్పేశారు. బలి కావలసిన తోటరాముడు మాంత్రికుణ్నే బలిచ్చి ప్రతిమను దక్కించుకోవడం అదే నియమం ప్రకారం జరుగుతుంది, అందుకే ఎవరికీ అన్యాయంగా తోచదు. మూల కథ చదవనివారికి కూడా ఎక్కడా అయోమయం లేదు.

చదవనివారి మాట వచ్చింది కనుక ఇదీ చెప్పాలి. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' కోసం మొదట తీసిన పైలట్‌ను ప్రసారం చేయలేదు, చాలా భాగం మళ్లీ తీశారు. దాన్ని ముందుగా చూసిన స్నేహితులకు, కథలో అత్యంత కీలకమైన ఇద్దరు తోబుట్టువులన్న సంగతే అర్థం కాలేదు. పుస్తకం పదేపదే చదివినవారికి ఇటువంటి లోటు ఎన్నటికీ కనిపించదు. కాబట్టి మీ వన్ లైన్ ఆర్డర్‌ను నవల చదవని ఇద్దరు ముగ్గురికి వినిపించి, ఎవరు ఎవరికి ఏమవుతారో, మాయ ఎలా పనిచేస్తుందో వారి చేత తిరిగి చెప్పించండి. మీరు మధ్యలో కలుగజేసుకోవద్దు.

సినిమానా సిరీసా అన్నదానికి నా సమాధానం పుస్తకం నిర్మాణాన్ని బట్టి ఉంటుంది, పేజీల సంఖ్యను బట్టి కాదు. స్క్రీన్‌ప్లేలో పేజీకి సుమారు నిమిషం లెక్కన రెండున్నర గంటల సినిమాకు 150 పేజీలు దొరుకుతాయి. నాయకుడు ఒక్కడై, గమ్యం ఒక్కటై, దారి సూటిగా ఉంటే అవి సరిపోతాయి. అనేక కుటుంబాలు, అనేక ఊళ్లు సమాన ప్రాధాన్యంతో నడిస్తే సిరీస్ తప్పదు. అయితే సిరీస్‌లో నిడివి దొరికింది కదా అని అధ్యాయానికో ఎపిసోడ్ చొప్పున పంచేయకండి, ప్రతి ఎపిసోడ్‌కూ తనదైన ప్రశ్న, తనదైన ముగింపు ఉండాలి. ఆత్మ పక్కనే జంతురూపంలో తిరగడం వంటివి ఉంటే ఖర్చు ప్రతి ఫ్రేములోనూ పడుతుంది. 'హిజ్ డార్క్ మెటీరియల్స్' సిరీస్ చిత్రీకరణలో నటులకు ఆసరాగా తోలుబొమ్మలను ఆడించేవారిని పెట్టి, తరువాత గ్రాఫిక్స్‌తో జంతువులను నింపారు. మీ నవలలో అటువంటి అంశం ఏదో ముందే గుర్తించి, ఏయే సన్నివేశాల్లో అది తప్పనిసరో లెక్క వేసుకోండి.

జాక్సన్ మూడు సినిమాలనూ న్యూజిలాండ్‌లో 1999 అక్టోబరు నుంచి 2000 డిసెంబరు వరకు ఏకబిగిన తీయగలిగారు. తెలుగులో ఆ వెసులుబాటు మీకు దొరకడం కష్టం. పద్నాలుగు సంపుటాల 'వీల్ ఆఫ్ టైమ్' సిరీస్ 2021లో మొదలై 2025లో మూడో సీజన్‌తోనే ఆగిపోయింది. అందువల్ల మొదటి భాగంలో నియమం, మూల్యం, ఒక నిర్ణయం మూడూ పూర్తిగా కనిపించేలా రాయండి, రెండోది రాకపోయినా అది తనంతట తాను నిలబడాలి. హక్కుల ఒప్పందం మాత్రం మూడు సంపుటాలకూ కలిపి ఇప్పుడే రాయించుకోండి. పాత్రలను కలపడానికి, సన్నివేశాల వరుస మార్చడానికి మీకు అనుమతి ఉన్నట్టు, ముగింపు మార్చాలంటే రచయిత్రి లిఖితపూర్వక సమ్మతి కావాలన్నట్టు అందులో విడివిడిగా పెట్టించండి. ఆ రెండో షరతు మీకు అడ్డంకిలా కనిపిస్తుంది గానీ, నిర్మాత ముగింపు మార్చమని అడిగిన రోజున మీకు అండగా నిలిచేది అదే.